సైకిల్ టైరు ఎంపిక: మనం తొక్కే దారికా, తొక్కాలనుకునే దారికా?

మా బ్రాంచికి కొత్తగా వచ్చిన కుర్ర ఆఫీసరు మొన్న సాయంత్రం క్యాష్ క్లోజ్ అయ్యాక నా టేబుల్ దగ్గరకొచ్చాడు. "సార్, మీరు సైకిల్ తొక్కుతారట కదా. నా సైకిల్‌కి టైర్లు మార్చాలి. తారు రోడ్డు మీదా బాగా పోవాలి, ఆదివారం మట్టి దారిలోనూ పోవాలి. ఏవి వేయించమంటారు?" అని అడిగాడు. ఒక్క మాటలో చెప్పలేకపోయాను. ఈ ప్రశ్నకు జవాబు తెలుసుకోవడానికి నాకు రెండు జతల టైర్లు, ఒక మణికట్టు ఖర్చయ్యాయి మరి.

రెండేళ్ళ కిందట వైద్య పరీక్షల్లో షుగరు సరిహద్దు దగ్గర తేలింది. నడుద్దామంటే మోకాళ్ళు ఒప్పుకోలేదు. సరే, సైకిల్ కొందామని వెళితే షాపులో కుర్రాడు లావాటి గుబ్బల టైర్లున్న మౌంటెన్ బైక్ చూపించి, "మన రోడ్లకి ఇదే కరెక్టు సార్" అన్నాడు. నాకూ అదే నచ్చింది. అనంతగిరి కొండల్లో తొక్కుతున్నట్టు అప్పటికే ఊహించుకున్నాను.

నేను నిజంగా తొక్కిన దారి వేరు. మణికొండలో ఇంటి నుంచి నార్సింగి దాకా తారు, సిమెంటు రోడ్లు, మధ్యలో గతుకులు, స్పీడ్ బ్రేకర్లు. అక్కడ ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో వేసిన సైకిల్ ట్రాక్ ఉంది. సౌర ఫలకాల నీడలో, రెండు మార్గాలూ కలిపి 23 కిలోమీటర్లు. దాని మీద కాసేపు తొక్కి గండిపేట వైపు తిరిగితే కొంత మొరం దారి. నా రోజువారీ 24 కిలోమీటర్లలో మట్టి 5 కిలోమీటర్లు. అనంతగిరికి ఇప్పటిదాకా కారులోనే వెళ్ళాను.

అప్పు ఇచ్చేటప్పుడు పార్టీ చూపించే ప్రొజెక్షన్లు పక్కన పెట్టి, గడిచిన ఏళ్ళ టర్నోవరు చూడమని మనమే చెబుతాం. సొంత సైకిల్ దగ్గరికి వచ్చేసరికి నేను ప్రొజెక్షన్ల మీదే శాంక్షన్ చేసేశాను.

గుబ్బలు మట్టిలోకి దిగి పట్టు ఇస్తాయి. గట్టి తారు మీద దిగడానికి ఏమీ ఉండదు. బరువు పడ్డ ప్రతిసారీ ప్రతి గుబ్బా ఒంగి లేస్తుంది, మన కాళ్ళ శక్తి అందులో వేడిగా పోతుంది. జుయ్యిమనే ఆ మోత శక్తి వృథా అవుతున్న శబ్దమే. నెల తిరిగేసరికి విసుగొచ్చి సైకిల్ బాల్కనీ చేరింది. మా ఆవిడ దాని మీద టవల్స్ ఆరేయడం మొదలుపెట్టింది.

అప్పుడు రెండో తప్పు చేశాను. పూర్తి నునుపు టైర్లు, 40 మిల్లీమీటర్ల వెడల్పువి వేయించి, పక్కన అచ్చు వేసిన గరిష్ఠ ఒత్తిడి 75 పి.ఎస్.ఐ. అయితే సరిగ్గా 75 కొట్టాను. తారు మీద సైకిల్ ఎగిరిపోయింది. మూడో వారంలో గండిపేట దగ్గర మొరం మలుపులో ముందు చక్రం పక్కకు జారింది. చేతికి పట్టీ వేసి నాలుగు వారాలు ఉంచమన్నారు. క్వార్టర్ ఎండింగ్ అంతా ఎడం చేత్తో పాస్‌వర్డ్ కొట్టాను. "ఇక అమ్మేయండి" అంది మా ఆవిడ.

తప్పు నునుపుది అనుకున్నాను. లెక్క వేస్తే అది కాదు. టైరు నేలను తాకే వైశాల్యం సుమారుగా దాని మీద పడే బరువును లోపలి గాలి ఒత్తిడితో భాగిస్తే వస్తుంది. నేను 80 కిలోలు, సైకిల్ 15. ఇందులో ముందు చక్రం మీద పడేది నలభై శాతం అనుకుంటే 38 కిలోలు, అంటే 84 పౌన్లు. 75 పి.ఎస్.ఐ. దగ్గర నేలను పట్టుకున్నది దాదాపు 1.1 చదరపు అంగుళాలు. రెవిన్యూ స్టాంపు కంటే కాస్త పెద్దది! మొరంలో గులకరాళ్ళు బేరింగు గుండ్లలా దొర్లుతుంటే అంత చిన్న పట్టు ఏ మూలకు? అదే 38 పి.ఎస్.ఐ. అయితే వైశాల్యం రెట్టింపు. టైరు రాళ్ళ మీద ఒదుగుతుంది, ఎగిరిపడదు. ఎగుడుదిగుడు దారిలో మెత్తని టైరే వేగంగా పోతుంది కూడా, ఎందుకంటే గట్టి టైరు ప్రతి రాయికీ మనిషిని పైకి ఎత్తి పడేస్తుంది, ఆ ఎత్తే శక్తి ఇచ్చేదీ మన కాళ్ళే.

అలాగని సన్నటి టైరులో గాలి తగ్గిస్తే గుంటలో పడ్డప్పుడు ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి, పాము కాటులా పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. అందుకని ముందు వెడల్పు, ఆ తర్వాత తక్కువ గాలి. గుబ్బల సంగతి చివరికి.

వర్షంలో నునుపు టైరు జారదా అని అందరూ అడుగుతారు. కారు టైరు వెడల్పు, దాని వేగమూ ఎక్కువ, కింద నీటి పొర చిక్కుకుంటుంది కాబట్టి గాట్లు కావాలి. సన్నగా, గుండ్రంగా ఉండే సైకిల్ టైరు మన వేగాల్లో నీటిని పక్కకు నెట్టేసుకుంటూ పోతుంది. తడి తారు మీద పట్టు రబ్బరుదే. జీబ్రా గీతల రంగు, మ్యాన్‌హోల్ మూతలు మాత్రం తడిస్తే ఏ టైరుకైనా జారుడే. ఇక చేవెళ్ళ వైపు నల్లరేగడి వాన పడ్డాక ఏ టైరునూ సాగనివ్వదు. సైకిల్ భుజాన వేసుకోవాల్సిందే.

ఇప్పుడు నావి 47 మిల్లీమీటర్ల టైర్లు. నడిమి భాగం దాదాపు నునుపు, అంచుల్లో చిన్న గుబ్బలు. నిటారుగా పోతున్నప్పుడు నేలను తాకేది నడిమి భాగమే. మట్టిలో మలుపు తిరిగితే అంచు పనిలోకి వస్తుంది. వెనక 42, ముందు 38 ఉంచుతాను. నాకంటే తేలికైన వాళ్ళు ఇంకా తగ్గించవచ్చు. బొటనవేలితో నొక్కి చూడటం సరిపోదు, గేజ్ ఉన్న పంపు కొనండి.

కొనేముందు పాత టైరు పక్కన 47-584 లాంటి అంకె చదవండి. మొదటిది వెడల్పు, రెండోది రిమ్ము మీద టైరు కూర్చునే చోటి వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలో. 27.5 అంగుళాలకు 584. 29 అంగుళాలు, 700సి రెండిటికీ 622. పాత 26 అంగుళాల మౌంటెన్ బైక్‌కు 559. మన నాన్నల కాలపు 28 అంగుళాల సైకిల్‌కు 635. అంగుళాల అంకెలు మోసం చేస్తాయి. 26×1.75, 26×1¾ లెక్కకు ఒకటే అయినా ఒకదాని రిమ్ముకు ఇంకొకటి పట్టదు. వెడల్పు పెంచాలంటే టైరుకూ ఫ్రేముకూ మధ్య 5, 6 మిల్లీమీటర్ల ఖాళీ మిగిలేట్టు చూసుకోండి. పక్క గోడలో సన్నని పగుళ్ళుంటే అది పాత సరుకు, తగ్గింపు ధరకిచ్చినా వద్దు.

మన వైపు అసలు శత్రువులు పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముళ్ళు. లోపల రక్షణ పొర ఉన్న టైరు కాస్త బరువైనా నేను దానికే ఓటు వేస్తాను. పంచరు అయితే కొత్త ట్యూబు వేసేముందు టైరు లోపల దూది ముద్దతో ఒక చుట్టు తుడవండి. విరిగిన ముల్లు దూదిని పట్టుకుంటుంది. ఇది తెలియక ఒకే ముల్లుకు రెండు ట్యూబులు సమర్పించుకున్నాను.

కుర్ర ఆఫీసరుకు ఇదంతా చెప్పి, పది రోజులు ఎక్కడ ఎంత తొక్కావో రాసుకు రమ్మన్నాను. వోచరు వెనక రాసుకొచ్చాడు: మొత్తం 160 కిలోమీటర్లు, మట్టి 11. అతని ఫ్రేములో 38కి మించి పట్టదు. నునుపు టైర్లే వేయించి, గాలి ఎంతో గేజ్ పెట్టి చూపించాను.