సగం ఏరియల్ బండిలోనే వున్నది

1977 నవంబరు 19వ తేదీన దివిసీమపై ఉప్పెన విరుచుకుపడింది. సుమారు 10,000 మంది ప్రాణాలు కోల్పోయారు. ఊళ్ళకు ఊళ్ళే తుడిచిపెట్టుకుపోయిన ఆ విపత్తులో టెలిఫోను స్తంభాలు కూలాయి, తంతి తీగలు తెగాయి, రోడ్లు నీట మునిగాయి. ప్రాణాలతో మిగిలినవారికి తమ గోడు బయటి లోకానికి చెప్పుకొనే దారి లేకపోయింది. ముప్ఫయ్యేడు సంవత్సరాల తరువాత, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని తాకింది. ఈ నడుమ తంతి పోయి సెల్‌ఫోను వచ్చింది. అయినా పెనుగాలికి టవర్లు మూగపోయాయి, విద్యుత్తు ఆగిపోయింది. ఫోను ప్రతి చేతిలోనూ వున్నది. మాట మాత్రం గడప దాటలేదు.

తీగలతోనూ టవర్లతోనూ నిమిత్తం లేకుండా మాటను మోసే సాధనం ఒకటి వున్నది. దానిని ఔత్సాహికుల రేడియో అంటారు. వాడుకలో అది హామ్ రేడియో. 2004 డిసెంబరులో డి. భారతీప్రసాద్ నాయకత్వాన ఒక హామ్ బృందం ప్రయోగాలకోసం అండమాన్‌కు వెళ్ళి పోర్ట్‌బ్లెయిర్‌లో స్టేషను నెలకొల్పింది. ఆ నెల 26న సునామీ వచ్చింది. సరదాగా ఖండాంతరాలతో సంభాషించడానికి తెచ్చిన ఆ పరికరాలే ద్వీపాలకూ ప్రధాన భూభాగానికీ మధ్య వార్తలు చేరవేశాయి. ఎవరు బ్రతికి వున్నారో తెలియక తల్లడిల్లిన కుటుంబాలకు ఆ రేడియో అందించిన కబురు వెలకట్టలేనిది.

అయితే మేడమీద వున్న స్టేషను మేడను విడిచి రాలేదు. ఉప్పెన వచ్చిన ఊరు ఒకటి, రేడియో వున్న ఊరు మరొకటి అయితే ప్రయోజనం సగమే. బియ్యం బస్తాలతో, మంచినీళ్ళ డబ్బాలతో ముందుగా ఆ ఊరు చేరేది పికప్ వాహనం. దానిలోనే రేడియో వుంటే సహాయమూ సమాచారమూ ఒకే చక్రాలమీద వెళతాయి. పని చూడడానికి సులభమే. సెట్టును డాష్‌బోర్డు కింద బిగించి, పైన ఒక కడ్డీ నిలబెడితే సరిపోయినట్లే కనిపిస్తుంది. కాని ఆ స్టేషను ఆపద్దినాన పలుకుతుందా లేదా అన్నది కంటికి కనిపించే కడ్డీకన్న కంటికి కనిపించని తీగలమీద, అతుకులమీద, ఎర్తుమీద ఎక్కువగా ఆధారపడి వుంటుంది.

ప్రాణం బ్యాటరీలో

చుట్టుపక్కల సంభాషణకు ఉపయోగించే 50 వాట్ల సెట్టు మాట్లాడేటప్పుడు 10 ఆంపియర్లకు పైగా విద్యుత్తు తాగుతుంది. దూర ప్రాంతాలకు పనికివచ్చే 100 వాట్ల సెట్టుకు 20 ఆంపియర్లు కావాలి. సిగరెట్టు లైటరు రంధ్రం నుంచి ఇంత విద్యుత్తు తీసుకోవడం అవివేకం. ఆ తీగలు అందుకోసం వేసినవి కావు. సెట్టుకు విద్యుత్తు నేరుగా బ్యాటరీనుంచి, ప్రత్యేకమైన లావుపాటి తీగలద్వారా రావాలి.

లావు ఎంత అన్నది లెక్కతో తేల్చవలసిన విషయం. బ్యాటరీనుంచి సెట్టుకు పోయే తీగ 5 మీటర్లు, తిరిగి వచ్చేది 5 మీటర్లు అనుకుందాం. రాగి తీగ మందం 2.5 చదరపు మిల్లీమీటర్లయితే 20 ఆంపియర్ల ప్రవాహంలో దాదాపు 1.4 వోల్టులు దారిలోనే పోతాయి. అదే 6 చదరపు మిల్లీమీటర్ల తీగ అయితే పోయేది 0.6 వోల్టుకు మించదు. ఇంజను ఆగివున్నప్పుడు నిండు బ్యాటరీ ఇచ్చేది 12.6 వోల్టులే. పెక్కు సెట్లు 11.7 వోల్టులకన్న తక్కువైతే సక్రమంగా పనిచేయవు. సన్నతీగ వేసినవాడు బీరువాలో కొన్న మంచి రేడియోను పెట్టి తాళంచెవి పారేసుకున్నవాడితో సమానం.

ఫ్యూజు ఎక్కడ పెట్టాలన్నది మరో ముఖ్య విషయం. చాలామంది దానిని రేడియో పక్కనే పెడతారు. కాని ఫ్యూజు కాపాడవలసినది రేడియోను మాత్రమే కాదు, మొత్తం తీగను. ఇంజనుకూ క్యాబిన్‌కూ మధ్యనున్న ఇనుప గోడగుండా తీగ పోయేచోట, ఆ రంధ్రపు అంచు కోసి ఒరిపిడికి తొడుగు తెగితే, బ్యాటరీలోని శక్తి అంతా ఆ ఒక్కచోట మంటగా మారుతుంది. అందుచేత ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే వుండాలి. రంధ్రానికి రబ్బరు వలయం తొడగాలి. తీగను వేడెక్కే సైలెన్సరు గొట్టానికీ, కదిలే పెడల్సుకూ దూరంగా నడపాలి. ఎయిర్‌బ్యాగు తెరుచుకొనే దారిలో సెట్టునుగాని, మైకునుగాని బిగించరాదు.

కడ్డీ కొలత

ఏరియల్, అనగా యాంటెన్నా, పొడవు తరంగపు పొడవును అనుసరించి వుంటుంది. మనదేశంలో హామ్‌లు విరివిగా వాడే 144–146 మెగాహెర్ట్జ్ పట్టీలో తరంగం సుమారు 2 మీటర్లు. అందులో నాలుగోవంతు, అంటే దాదాపు అరమీటరు కడ్డీ చాలు. అయితే ఆ కడ్డీ ఏరియల్‌లో సగం మాత్రమే. మిగిలిన సగం దానికింద పరచుకొన్న లోహపు తలం. విద్యుత్తు కడ్డీలోకి ఎంత పారుతుందో, ప్రతిగా ఆ లోహతలంలోకీ అంత పారవలసివుంటుంది. నిలువుటద్దంలో బొమ్మ కనిపించినట్లు, కడ్డీకి ప్రతిబింబం బండి ఒంటిలో ఏర్పడుతుంది. కనుక ఆ కడ్డీకి సరియైన చోటు క్యాబిన్ పైకప్పు నడిమధ్య.

పైకప్పుకు రంధ్రం వేయడానికి యజమానికి మనసొప్పకపోతే అయస్కాంతపు పీట వున్నది. అది రంగు పొర మీదుగానే పనిచేస్తుంది. అభ్యాసానికి చక్కగా సరిపోతుంది. కాని తుఫాను గాలిలో, విరిగిపడిన కొమ్మల మధ్య వెళ్ళవలసిన బండికి బిగించిన పీటే నమ్మకమైనది. రంధ్రం వేసినచోట తుప్పు పట్టకుండా రంగు పూసి, వాన దిగకుండా రబ్బరు చక్రం వేస్తే ఆ పైకప్పు చెక్కుచెదరదు.

పికప్ వాహనానికి కారుకు లేని చిక్కు ఒకటి వున్నది. కారు ఒంటికట్టు. పికప్‌లో క్యాబిన్ వేరు, వెనుక తొట్టి వేరు. రెండూ ఛాసీపై విడివిడిగా, చాలావరకు రబ్బరు దిమ్మెలమీద కూర్చుంటాయి. చూడడానికి ఒకే బండి, విద్యుత్తుకు మాత్రం మూడు ముక్కలు. తొట్టి అంచున ఏరియల్ నిలబెట్టినవారు సంకేతం ఎందుకు బలహీనంగా వున్నదో తెలియక సెట్టును నిందిస్తారు. క్యాబిన్‌నూ, తొట్టినీ, ఛాసీనీ వెడల్పాటి అల్లిక రాగిపట్టీలతో కలపాలి. పట్టీ తగిలేచోట రంగు గీకి మెరిసే ఇనుము కనబడేలా చేసి, బోల్టు గట్టిగా బిగించి, పైన గ్రీజు పూయాలి. బానెట్‌కూ, సైలెన్సరు గొట్టానికీ కూడా ఇటువంటి పట్టీ వేస్తే ఇంజను పుట్టించే గరగర శబ్దం తగ్గుతుంది. ఆ గరగరే కొన్నిసార్లు దూరంనుంచి వచ్చే సన్నని పిలుపును మింగివేస్తుంది.

సెట్టునుంచి ఏరియల్‌కు పోయే కేబులు 50 ఓముల కొయాక్సియల్ కేబులు. సన్నరకం కేబులు 5 మీటర్లు వాడితే 145 మెగాహెర్ట్జ్ వద్ద శక్తిలో దాదాపు ఐదోవంతు అందులోనే హరించిపోతుంది. అవసరానికి మించిన కేబులును చుట్టలు చుట్టి దాచడం నష్టమే. కేబులు లోపలికి దిగేముందు కిందికి ఒక వంపు ఇస్తే వాననీరు ఆ వంపువద్దనే కారిపోతుంది. అన్నీ బిగించాక మీటరుతో స్టాండింగ్ వేవ్ నిష్పత్తి చూడాలి. అది 1.5 వుంటే తిరిగివచ్చే శక్తి నూటికి 4 వంతులు. దానికి దిగులు లేదు. 3 వుంటే పావువంతు వెనక్కి వస్తుంది. ఎక్కడో అతుకు వదులైందని గాని, ఎర్తు అందలేదని గాని అర్థం.

దగ్గరి మాట, దూరపు మాట

అరమీటరు కడ్డీకి హద్దు వున్నది. ఆ తరంగాలు దాదాపు సరళరేఖలో పోతాయి. నేలకు రెండు మీటర్ల ఎత్తున ఏరియల్ వున్న రెండు బండ్లు చదునైన డెల్టా భూమిలో పది, పన్నెండు కిలోమీటర్లకు మించి నమ్మకంగా మాట్లాడుకోలేవు. నూరు మీటర్ల గుట్టమీద మరొక స్టేషను వుంటే ఆ దూరం నలభై కిలోమీటర్లు దాటుతుంది. జిల్లా కేంద్రం అంతకన్న దూరమైతే 7 మెగాహెర్ట్జ్ పట్టీ కావాలి. ఈ తరంగాలు పైకిపోయి అయనావరణంలో వంగి తిరిగి నేలకు దిగుతాయి.

ఇక్కడ తరంగం 40 మీటర్లు. నాలుగోవంతు కడ్డీ అంటే 10 మీటర్లు. బండిమీద అది అసాధ్యం. రెండున్నర మీటర్ల కడ్డీకి తీగచుట్ట జతచేసి, సెట్టుకు అది పూర్తి పొడవుగా కనిపించేలా చేస్తారు. కాని ప్రకృతి దానికి సుంకం వసూలు చేస్తుంది. శక్తిలో అధికభాగం తీగచుట్టలోనూ, నేలలోనూ వేడిగా మారుతుంది. నూరు వాట్లలో పదో పదిహేనో వాట్లు ఆకాశానికి చేరినా ఆశ్చర్యం లేదు. ఎర్తు చెడితే అదీ చేరదు.

అందుకే అనుభవజ్ఞులు పికప్ తొట్టిలో మరొక సరంజామా వుంచుతారు: 20 మీటర్ల రాగితీగ, రెండు తాళ్ళు, ఒక వెదురుగడ. బండి ఆగిన తరువాత ఆ తీగను మధ్యలో కేబులుతో కలిపి, నేలకు సమాంతరంగా రెండు చెట్ల నడుమ నాలుగైదు మీటర్ల ఎత్తున కడతారు. అప్పుడు తరంగాలు ఎక్కువగా నిట్టనిలువునా పైకిపోయి చుట్టూ మూడునాలుగు వందల కిలోమీటర్ల పరిధిలో దిగుతాయి. బాధిత గ్రామంనుంచి రాష్ట్ర రాజధానికి కావలసినది సరిగా ఈ దూరమే. రాత్రివేళ అయనావరణం పలచబడి దగ్గరి ఊళ్ళు వినబడకపోతే 3.5 మెగాహెర్ట్జ్‌కు దిగాలి. తీగను రెట్టింపు పొడిగించాలి. తీగ కట్టేముందు పైన విద్యుత్తు లైను లేదని కళ్ళారా చూసుకోవడం మొదటి నియమం. కూలిన లైను చచ్చిందని నమ్మరాదు. పిడుగులు పడుతున్నప్పుడు ఏరియల్‌ను సెట్టునుంచి విడదీయాలి.

లెక్క చూడవలసిన మరో సంగతి బ్యాటరీ ఓర్పు. ఇంజను ఆపి రాత్రి పది గంటలపాటు వింటూ కూర్చుంటే గంటకు ఒక ఆంపియరు చొప్పున 10 ఆంపియర్ అవర్లు. అందులో మొత్తంమీద ఒక గంట మాట్లాడితే మరో 20. 60 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో సగం ఖాళీ అయినట్లే. తెల్లవారి ఇంజను స్టార్టు కాకపోతే రేడియోతోపాటు బియ్యం బస్తాలూ అక్కడే చిక్కుబడతాయి. రేడియోకు ప్రత్యేకంగా రెండవ బ్యాటరీ వుండడం క్షేమం.

చట్టము, అభ్యాసము

ఈ రేడియో ఎవరైనా కొని వాడుకొనే వస్తువు కాదు. కేంద్రప్రభుత్వ పరీక్షలో ఉత్తీర్ణులై లైసెన్సూ, సంకేతనామమూ పొందినవారే మాట్లాడాలి. లైసెన్సు షరతులు బండిలో వాడకానికి అనుమతిస్తున్నాయో లేదో ముందే చూసుకోవాలి. వ్యాపార సందేశాలు నిషిద్ధం. 1983లో హైదరాబాదులో స్థాపితమైన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో వంటి సంస్థలు ఈ విద్యలో శిక్షణ ఇస్తూ వచ్చాయి. నడుపుతున్నవాడు మైకు పట్టుకోరాదు. పక్కనున్నవాడు మాట్లాడాలి, లేదా బండి ఆపాలి. సందేశాన్ని ముందు కాగితంపై వ్రాసుకొని, సంఖ్య, వేళ, ఎవరికి అన్న వివరాలతో నిదానంగా చదవాలి. అవతలివారు తిరిగి చదివి వినిపించిన తరువాతనే అది చేరినట్లు. "నూరు మంది" అన్నది "ఆరు మంది" అని వినబడితే పడవలు ఆరుమందికే వస్తాయి.

బిగించిన స్టేషను బిగించినట్లే వుండదు. గతుకుల రోడ్లకు బోల్టులు వదులవుతాయి. సముద్రపు ఉప్పుగాలికి రాగిపట్టీలు పచ్చబడతాయి. ఎలుకలు తీగల తొడుగు కొరుకుతాయి. నెలకొక్కసారి పట్టీలు తడిమి, మీటరు చూసి, నలభై కిలోమీటర్ల అవతలివారితో నాలుగు మాటలాడితే ఏ అతుకు అలసిందో తెలిసిపోతుంది. పావుగంట పని. ఎండ కాసేరోజున, నవ్వుతూ చేయగల పని. గాలి గంటకు నూటయాభై కిలోమీటర్ల వేగంతో వీచే రాత్రి, చీకటిలో, నీళ్ళలో నిలబడి అదే వదులు బోల్టును వెతకడం ఎవరి తరమూ కాదు.