పిసకక్కర్లేదు, ఆగితే చాలు

ఆర్టిసన్ బ్రెడ్ అనగానే కేఫ్‌లో అద్దం వెనక ఉండే గుండ్రటి రొట్టె, దాని పక్కన రేటు గుర్తొస్తాయి. ఆ రేటుతో మెస్‌లో రెండు రోజులు తినొచ్చు. కానీ అందులో ఉండేవి నాలుగే: పిండి, నీళ్లు, ఉప్పు, ఈస్ట్. ఇంట్లో చేసుకుంటే అసలు ఖర్చు డబ్బు కాదు, టైమ్.

న్యూయార్క్‌లో బేకరీ నడిపే జిమ్ లేహీ పద్ధతిని 2006 నవంబర్‌లో న్యూయార్క్ టైమ్స్‌లో మార్క్ బిట్‌మన్ రాశారు. దాని పేరే 'నో-నీడ్ బ్రెడ్', అంటే పిండి పిసకక్కర్లేని బ్రెడ్.

లాజిక్ ఏంటంటే, గోధుమలో గ్లూటెనిన్, గ్లయాడిన్ అని రెండు ప్రోటీన్లు ఉంటాయి. నీళ్లు తగిలితే రెండూ కలిసి గ్లూటెన్ అనే సాగే వల అల్లుకుంటాయి. పిసికితే ఆ వల త్వరగా తయారవుతుంది. పిండి మెత్తగా, తడిగా కలిపి గంటలకొద్దీ వదిలేసినా తయారవుతుంది. మన చేతుల పని బ్యాక్‌గ్రౌండ్‌లో రన్ అవుతుందన్నమాట. నెమ్మదిగా పులిస్తే రుచి కూడా పెరుగుతుంది.

కొలతలు: మైదా 400 గ్రాములు, నీళ్లు 280, ఉప్పు 8, ఇన్‌స్టంట్ ఈస్ట్ పావు టీస్పూన్. బేకర్లు పిండిని ఎప్పుడూ 100 శాతంగా తీసుకుంటారు. ఆ లెక్కన నీళ్లు 70, ఉప్పు 2. ఓటీజీ చిన్నదైతే అన్నీ సగం చేసుకోండి. నాలుగో వంతు గోధుమ పిండి కలపొచ్చు. మొత్తం అదే వేస్తే అందులోని పొట్టు గ్లూటెన్ పోగుల్ని తెంపేసి బ్రెడ్ గట్టిగా వస్తుంది.

గరిటెతో కలిపి మూత పెట్టేయండి. ఒరిజినల్ రెసిపీలో 12 నుంచి 18 గంటలు ఆగమంటారు, కానీ అది సుమారు 21 డిగ్రీల గదికి. మన ఎండాకాలంలో ఇడ్లీ పిండి ఎంత తొందరగా పులుస్తుందో తెలుసుగా, ఇదీ అంతే. గడియారం కాదు, పిండిని చూడండి. రెట్టింపై పైన బుడగలు కనిపిస్తే చాలు. పొడి పిండి చల్లి, అంచులు లోపలికి మడిచి గుండ్రంగా చేసి, ఇంకో ముప్పావు గంట ఉంచాలి.

ఈలోగా మూతతో సహా మందపాటి గిన్నెని ఓటీజీలో 230 డిగ్రీల దగ్గర అరగంట వేడెక్కించాలి. ఇనుపదైతే బెస్ట్, ప్లాస్టిక్ పిడులు మాత్రం ఉండకూడదు. అడుగున కాస్త బొంబాయి రవ్వ చల్లితే అంటుకోదు. ముద్ద వేసి మూత పెట్టి 30 నిమిషాలు, మూత తీసి 15 నిమిషాలు. మూత ఎందుకంటే, పిండిలోంచి వచ్చే ఆవిరి అక్కడే ఉండి పైపొరని మెత్తగా ఉంచుతుంది, అందుకే బ్రెడ్ బాగా పొంగుతుంది. మూత తీశాక పొర ఆరి, ఎర్రగా కాలి, కరకరలాడుతుంది. అడుగున తడితే డొల్ల చప్పుడు రావాలి. వేడి మీద కోయకండి, లోపల జిగురుగా ఉంటుంది. గంట ఆగండి.

ఖర్చు చూద్దాం. 1500 వాట్ల ఓటీజీ గంటంపావు నడిచినా కరెంటు 2 యూనిట్ల లోపే. ఈస్ట్ ఒక గ్రాము కూడా కాదు. ఇక మిగిలింది అరకిలో కూడా లేని మైదా.

ఆదివారం ఇంట్లో ఉంటే శనివారం రాత్రి పడుకునే ముందు పిండి కలపండి. మీ పని ఐదు నిమిషాలే. ఆ బ్రెడ్‌ని వెన్న, ఆవకాయతో ఒకసారి తిని చూడండి.