నిదురించు మోడెము – రైతు తెలిసికొనవలసిన సంగతి

మన పల్లెల బిడ్డలు పెక్కండ్రు ఉద్యోగపరీక్షలకై హైదరాబాదునందలి అశోక్‌నగరు, చిక్కడపల్లి, నారాయణగూడ ప్రాంతములలో గదులు తీసికొని చదువుచున్నారు. అచ్చట కుమారుని సెల్‌ఫోను రాత్రివరకు నిలుచుటయు, అదే రకపు ఫోను పొలముననున్న తండ్రి చేతిలో ప్రొద్దు వ్రాలకమునుపే ఆరిపోవుటయు మీలో కొందరు చూచియే యుందురు. బ్యాటరీలో దోషము లేకున్నను ఇట్లు జరుగవచ్చును. దీని కారణ మెరిగినచో, సిమ్ముతో పనిచేయు వ్యవసాయపరికరములను కొనునపుడు నష్టపోకుండవచ్చును. గాన ఈ మాసము ఆ సంగతిని వివరించుచున్నాము.

ఫోనులో టవరుతో మాటలాడు భాగమునకు మోడెమని పేరు. పనిలేనపుడు అది కోడికునుకు తీయుచుండును. 4జీ ఫోనులలో సాధారణముగా 1.28 సెకనులకు ఒకమారు కన్ను తెరచి, తనకు పిలుపు కలదేమో విని, మరల కన్ను మూయును. చిక్కడపల్లివంటి చోట టవరులు దగ్గరదగ్గరగా నుండును గనుక అది మెల్లగా పలికినను చాలును. దూరపు పొలమున గొంతెత్తి అరవవలెను. సంకేతము బొత్తిగా అందనిచో కునుకు మాని టవరును వెదకుచుండును. బ్యాటరీ తరుగునది ఇందువలననే.

నేలతేమను, బావి నీటిమట్టమును కొలిచి తెలుపు పరికరములకు పలుచోట్ల కరెంటుతీగె యుండదు, బ్యాటరీయే ఆధారము. ఇట్టివానికై, సెల్‌ఫోను ప్రమాణములను నిర్ణయించు 3జీపీపీ యను అంతర్జాతీయ కూటమి రెండు నిద్రలను ఏర్పరచినది. ఒకటి ఇ.డి.ఆర్.ఎక్స్. అను దీర్ఘపు కునుకు. ఎన్.బి.–ఐ.ఓ.టి. అను రకపు మోడెములలో ఇది ఒక్కొక్కమారు సుమారు 2 గంటల 55 నిమిషములవరకు ఉండవచ్చును. రెండవది పి.ఎస్.ఎం. అను గాఢనిద్ర. ఇందులో టవరు ఎంత పిలిచినను మోడెమునకు వినబడదు. తన వేళకుగాని, తాను చెప్పవలసిన వార్త కలిగినపుడుగాని తానే లేచును. టవరువారి పట్టికలో దాని పేరు నిలిచియే యుండును గనుక, లేచినపిదప మొదటినుండి నమోదు కానక్కరలేదు.

లాభమును లెక్కవేసి చూతము. 2000 మిల్లీ ఆంపియరు గంటల బ్యాటరీ యున్నదనుకొందము. మోడెము నిరంతరము మేల్కొని 10 మిల్లీ ఆంపియరులు వాడినచో, అది 8 దినములలో ముగియును. దినమున కొక్క నిమిషము మాత్రమే లేచి 100 మిల్లీ ఆంపియరులు వాడి, తక్కినకాలము ఒక మిల్లీ ఆంపియరులో 200వ వంతుతో నిద్రించినచో, అదే బ్యాటరీ లెక్కప్రకారము మూడేండ్లు వచ్చును.

అయితే ఇంతటి లాభము చూచి అన్నిటికిని గాఢనిద్రయే మేలని తలపరాదు. రాత్రివేళ పాములకును కరెంటు తాకిడికిని వెరచుచు పొలమునకు పోనక్కరలేకుండ, సిమ్ముగల స్టార్టరులను రైతులు మోటారులకు పెట్టుకొనుచున్నారు. బావిలో నీరు తగ్గి మోటారు ఒట్టిగా తిరుగుచున్నదనుకొనుడు. మీరు ఇంటనుండి ఆపుమని ఆజ్ఞ పంపినను, మోడెము గంటసేపటి నిద్రలో నున్నచో ఆ ఆజ్ఞ అందునప్పటికి మోటారు కాలిపోవచ్చును. స్టార్టరునకు కరెంటు ఉండనే యున్నది గనుక దాని మోడెమునకు కోడికునుకే తగినది. తేమను దినమున కొకటి రెండుమారులు తెలుపు పరికరమునకు గాఢనిద్ర తగును.

కావున కొనుటకు ముందు రెండు ప్రశ్నలు వేయుడు: “మేము పిలిచినచో ఇది ఎంతసేపటికి పలుకును? మా యూరి సిమ్ము కంపెనీ ఈ నిద్రకు అనుమతించునా?” ఏలయన మోడెము కోరినను, టవరువారు సమ్మతించిననే ఆ నిద్ర దొరకును. నారాయణగూడలో చక్కగా పనిచేసి చూపిన పరికరము మీ పొలమునను అట్లే పనిచేయునని నమ్మరాదు. సొమ్ము పూర్తిగా చెల్లింపకమునుపే మీ చేనిలో, మీ సిమ్ముతో కొన్ని దినములు పరీక్షించి చూచుకొనుడు. కావలివాడు నిదురించుట తప్పుగాదు; ఎప్పుడు మేలుకొనునో యజమానునకు తెలిసియుండవలెను.