నడుము నొప్పి – పడక ఎంపిక

పల్లెలలో నడుము నొప్పి యను మాట వినబడని యిల్లు అరుదు. నాట్ల కాలమున దినమంతయు వంగి నాటు వేయు స్త్రీలు, ధాన్యపు బస్తాలు మోయు హమాలీలు, గతుకుల బాటలపై ట్రాక్టరు తోలు యువకులు, మగ్గము గుంటలో గంటల తరబడి కూర్చుండు నేతగాండ్రు – వీరందరికిని పొద్దు గ్రుంకునప్పటికి నడుము పట్టివేయుట పరిపాటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారము 2020లో ప్రపంచమున 61 కోట్ల 90 లక్షల మంది నడుము నొప్పితో బాధపడిరి. మనుష్యులను పనికి అశక్తులను చేయు బాధలలో దీనిదే అగ్రస్థానమని ఆ సంస్థ తెలుపుచున్నది.

ఈ బాధ గలవారికి ఇరుగుపొరుగువారు చెప్పు సలహాలు సాధారణముగా రెండు. కటిక నేలపై పరుండుమనునది యొకటి. మంచి పరుపు కొనుమనునది రెండవది. ఈ రెండవ సలహాను అదనుగా గైకొని, వ్యానులలో పరుపులు వేసికొని వచ్చి, "ఇది వైద్యుల పరుపు, పది దినములలో నొప్పి మాయము" అని నమ్మబలికి, వాయిదాలపై అమ్మిపోవు వర్తకులును కలరు. మేమెరిగిన యొక గ్రామమున ఒక వ్యవసాయ కూలీ కుటుంబము ఇట్లే అప్పు చేసి పరుపు కొన్నది. నెల గడచినను ఆ యిల్లాలి నొప్పి తగ్గలేదు. తుదకు తెలిసినదేమన, ఆ క్రొత్త పరుపును ఏండ్ల తరబడి సాగిపోయిన నవారు మంచముపై పరచిరి. నవారు బిగించి, పరుపు క్రింద రెండు బల్లచెక్కలు వేసిన తరువాత ఉదయపు నొప్పి కొంత నెమ్మదించినది. పరుపు వాయిదాలు మాత్రము అట్లే మిగిలినవి. తప్పు పరుపుది కాదు, దాని క్రింది మంచముది. ఆ సంగతి ముందుగా చెప్పువారుండిన, ఆ కుటుంబమునకు అప్పు తప్పియుండెడిది.

ఈ విషయముతో పంచాయతీ సభ్యులకేమి పని యని కొందరు అడుగవచ్చును. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ వలన ఏర్పడిన పదకొండవ షెడ్యూలులో ఆరోగ్యము, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములును పంచాయతీలకు అప్పగింపదగిన విషయములుగా చేర్పబడినవి. అంతకంటెను ముఖ్యమైన కారణము మరొకటి కలదు. ఊరిలో పెద్ద ఖర్చు పెట్టబోవువారు ముందుగా సలహా అడుగునది తమ వార్డు సభ్యులనే. ఆ సలహా సరియైనదిగా నుండుటకై తెలిసికొనవలసిన సంగతులను ఇచ్చట వివరించుచున్నాము.

నిదురలో వెన్నునకు జరుగునది

మన వెన్నెముకలో కదలు పూసలు 24 కలవు. ఈ పూసల నడుమ కుదుపును ఓర్చుకొను మెత్తని బిళ్ళలున్నవి. పగటివేళ నిలుచుట, బరువులు మోయుట మున్నగు పనుల వలన ఈ బిళ్ళలలోని నీరు కొంత వెలుపలికి పోవును. రాత్రి పరుండినపుడు అవి తిరిగి నీటిని పీల్చుకొని ఉబ్బును. ఈ కారణము చేతనే మనుష్యుడు సాయంకాలము కంటె ఉదయమున ఇంచుమించు ఒక సెంటీమీటరు ఎక్కువ పొడవుండును. కాబట్టి నిదుర యనగా కంటికి మాత్రమే గాదు, వెన్నునకును విశ్రాంతి.

వెన్నెముక కఱ్ఱవలె నిటారుగా నుండదు. మెడ వద్దను, నడుము వద్దను లోనికి, వీపు వద్ద వెలుపలికి అది వంగియుండును. ఈ సహజమైన వంపులు చెడకుండ నిలుపుటయే పడక చేయవలసిన పని. భుజములను, పిరుదులను కొంచెము దిగనిచ్చి, నడుము క్రింది ఖాళీని నింపి ఆనిక యిచ్చునదే మంచి పడక. కటిక నేల భుజములను, పిరుదులను దిగనీయదు. నడుము క్రింద ఖాళీ మిగిలిపోవును. అచ్చటి కండరములు రాత్రియంతయు బిగిసియే యుండును. సాగిన మంచమున దీనికి విరుద్ధముగా పిరుదులు లోతుగా దిగిపోయి, వెన్ను ఊయలవలె వంగిపోవును. ప్రక్కకు తిరుగుటయే కష్టమగును. అతి గట్టితనము, అతి మెత్తదనము రెండును హానికరములే.

ఎంత గట్టి పడక యైన నడుమునకు అంత మేలని వైద్యులును చాలకాలము చెప్పుచు వచ్చిరి. స్పెయిను దేశమున జరుపబడి 2003లో ప్రకటితమైన పరిశోధన ఈ అభిప్రాయమును మార్చినది. బహుకాలముగా నడుము నొప్పి గల 313 మందిలో కొందరికి గట్టి పరుపులను, కొందరికి మధ్యరకపు పరుపులను ఇచ్చి, 90 దినములు గమనించిరి. మధ్యరకపు పరుపులపై పరుండినవారికి పడకలోని నొప్పియు, లేచునప్పటి నొప్పియు, పనిలోని ఇబ్బందియు ఎక్కువగా తగ్గినవి. వారు పరీక్షించినవి మన బొంతలు, దూది పరుపులు కావు. అయినను మరీ గట్టిదియు, మరీ మెత్తదియు గాక నడిమిరకము మేలను సూత్రము మనకును ఉపయోగపడునదే.

మొదట మంచమును చూడవలెను

పరుపు కొనుటకు పూర్వము మంచమును పరీక్షింపవలెను. తలవైపు పట్టె నుండి కాళ్ళవైపు పట్టె వరకు ఒక త్రాడు బిగించి పట్టి, మనిషిని ఆ మంచముపై పరుండబెట్టి చూడవలెను. పిరుదుల వద్ద నులక గాని నవారు గాని త్రాటికి చాల క్రిందుగా దిగిపోయినచో, ఆ మంచముపై ఎంత విలువైన పరుపు వేసినను ప్రయోజనము లేదు. పరుపు కూడ మంచముతో పాటు వంగిపోవును.

దీనికి చికిత్స సులభము. నులక మంచమునకు కాళ్ళవైపు త్రాడును బిగింపవలెను. చీకిపోయిన నులకను మార్పింపవలెను. నవారును విప్పి తిరిగి బిగువుగా అల్లింపవలెను. అదియు చాలనిచో మంచము పొడవున బల్లచెక్కలు పరచి, వానిపై పరుపు గాని బొంతలు గాని వేసికొనవచ్చును. ఇంటిలో పాత తలుపు చెక్క యున్నచో ఖర్చే లేదు. వారము దినములు ఇట్లు పరుండి చూచినచో, నొప్పికి మంచము ఎంత కారణమో తేటపడును. పరుపునకై అప్పు చేయుటకు ముందు ఈ పరీక్ష జరిపి తీరవలెను.

పరుపుల రకములు

దూది పరుపు మన ప్రాంతములకు చిరపరిచితము. ఇది గాలిని, చెమటను ఇముడ్చుకొనును. వేసవిలో ఒంటికి హాయి నిచ్చును. కాని వాడుకలో అణగి, పిరుదులుండుచోట గుంట పడును. అప్పుడు దానిని పారవేయ నక్కరలేదు. దూదేకువారిచే ఏకించి మరల కుట్టించినచో క్రొత్తదాని వలె పనిచేయును. బూరుగు దూది తేలికయైనది; నీటిని సులభముగా పీల్చదు. కాని అదియు త్వరగా అణగిపోవును గనుక నడుము నొప్పి గలవారికి తలగడలకు తగినంతగా పరుపునకు తగదు.

రబ్బరు పాలు పట్టించిన కొబ్బరి పీచు పరుపు గట్టిగా నుండును. గాలి చక్కగా ఆడును. కొందరికి ఇది మరీ గట్టిగా తోచును. అట్టివారు దానిపై ఒక పలుచని దూది పరుపు గాని బొంత గాని పరచుకొనవచ్చును. స్పాంజి పరుపులలో తరగతులు పెక్కు. తేలికగా నుండి, బొటనవ్రేలితో నొక్కిన అడుగు తగులునట్టివి కొలది మాసములలోనే కుంగిపోవును. మెత్తని స్పాంజి పరుపులు ఎండాకాలమున వేడిని పట్టి యుంచును. స్ప్రింగు పరుపు విలువైనది. స్ప్రింగులు సడలినచో బాగుచేయుట కష్టము.

పరుపు కొనలేని వారికి బొంతలున్నవి. పాత చీరలతో కుట్టిన రెండు మూడు బొంతలను చాపపై గాని చెక్కలపై గాని మడతలు లేకుండ పరచినచో, నడిమిరకపు పడక ఏర్పడును. వృద్ధులకు మాత్రము నేలపై పడక తగదు. నేల నుండి లేచుటయే వారి నడుమునకు, మోకాళ్ళకు శ్రమ. పడక వారి మోకాలి ఎత్తున నుండుట మంచిది.

పరీక్షించు విధము

పరుపును చేతితో నొక్కి కొనరాదు. దానిపై కనీసము పది నిమిషములు పరుండి చూడవలెను. వెల్లకిల పరుండినపుడు మరియొకరు నడుము క్రింద అరచేయి దూర్పవలెను. చేయి ఏ ఆటంకము లేకుండ ఇటునుండి అటు పోయినచో పరుపు మరీ గట్టిది. చేయి దూరనే దూరనిచో మరీ మెత్తది. కొంచెము ఒరసికొనుచు దూరినచో సరియైనది. పిమ్మట ప్రక్కకు తిరిగి పరుండవలెను. వెనుక నిలిచినవారికి మెడ నుండి నడుము వరకు వెన్నెముక ఒకే వరుసగా కనబడవలెను. బరువైన మనిషికి కొంత గట్టి పరుపు, బక్కపలుచని మనిషికి కొంత మెత్తని పరుపు సరిపడును. కావున నొప్పి ఎవరిదో వారే పరుండి చూడవలెను. ఇంటి యజమాని పట్టణమునకు పోయి తనకు నచ్చినది తెచ్చుట పొరపాటు.

పరుండు తీరు, లేచు తీరు

ఖర్చు లేని ఉపాయములు కొన్ని కలవు. వెల్లకిల పరుండువారు మోకాళ్ళ క్రింద ఒక తలగడ గాని చుట్టిన దుప్పటి గాని పెట్టుకొనవలెను. ప్రక్కకు పరుండువారు మోకాళ్ళ నడుమ దానిని ఉంచుకొనవలెను. బోర్ల పరుండుట నడుము నొప్పి గల పెక్కుమందికి సరిపడదు. లేచునపుడు ఒక్క ఉదుటున లేవక, ప్రక్కకు తిరిగి, కాళ్ళు క్రిందికి దించి, చేతి ఊతతో లేవవలెను.

మరియొక ముఖ్య విషయము. ఉదయమున వెన్నుబిళ్ళలు నీటితో ఉబ్బియుండునని పైన చెప్పితిమి. అట్టి సమయమున వంగి పనిచేసినచో వానిపై ఒత్తిడి అధికమగును. కావున పేడకళ్ళెత్తుట, నీళ్ళ బిందెలు మోయుట, వాకిలి చిమ్ముట వంటి పనులను లేచిన వెంటనే గాక, కొంతసేపు అటునిటు నడచిన పిమ్మట చేయుట మేలు. ఈ పనులను ఆ తొలి గంటలో ఇంటిలోని ఇతరులు అందుకొన్నచో, నొప్పి గల స్త్రీకి పరుపు కంటె ఎక్కువ సాయము చేసినవారగుదురు.

పరుపు వలన కానిది

పరుపు రాత్రి నొప్పిని, ఉదయపు పట్టును తగ్గింపగలదు, రోగమును కుదుర్పదు. ఎంత మంచి పడక దొరకినను దినములకొలది దానిపైననే పడియుండుట తగదు. ఫిన్లండు దేశపు హెల్సింకి నగరమున జరిగి 1995లో ప్రకటితమైన పరిశోధనలో క్రొత్తగా నడుము పట్టినవారిని మూడు తెగలుగా చేసిరి. ఒక తెగకు రెండు దినముల పడక విశ్రాంతిని, రెండవ తెగకు వ్యాయామములను చెప్పిరి. మూడవ తెగవారిని ఓర్చుకొనగలిగినంతలో నిత్యకృత్యములు సాగింపుమనిరి. ఈ మూడవ తెగవారే త్వరగా కోలుకొనిరి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో వెలువరించిన మార్గదర్శకములును దీర్ఘకాలపు నడుము నొప్పికి వ్యాయామమును సూచించుచు, నడుము పట్టీలను వాడుకగా ధరింపవద్దని చెప్పుచున్నవి.

కొన్ని లక్షణములు కనబడినపుడు పరుపుల మాట మాని, ఆలస్యము చేయక వైద్యుని కడకు పోవలెను. మూత్రము గాని మలము గాని బిగబట్టుట, లేక అదుపు తప్పుట. తొడల నడుమ స్పర్శ పోవుట. కాలు బలహీనపడుట – వీనిలో ఏది కనబడినను అదే దినమున పెద్ద ఆసుపత్రికి చేర్పవలెను. జ్వరముతో కూడిన నొప్పి, కారణము లేక బరువు తగ్గుట, పరుండినను తగ్గక రాత్రులందు హెచ్చు నొప్పి, పడిన తరువాత వచ్చిన నొప్పి – ఇవియు ఉపేక్షింపరానివి. క్షయ వెన్నెముకకును సోకును. దానిని గుర్తించి మందులు వాడినచో నయమగును. పరుపులు మార్చుచు కాలము గడపినచో గూని, కాళ్ళు పడిపోవుట సంభవింపవచ్చును.

సభ్యులు చేయదగినది

పరుపుల వ్యాను ఊరికి వచ్చినపుడు ఊరివారికి కొన్ని జాగ్రత్తలు చెప్పుట సభ్యుల కర్తవ్యము. రోగము కుదురునన్న మాటను నమ్మరాదు. బిల్లు లేనిదే కొనరాదు. గ్యారంటీని వ్రాతమూలకముగా తీసికొనవలెను. వాయిదాల మొత్తము రొక్కపు ధర కంటె ఎంత ఎక్కువో లెక్క చూచుకొనవలెను. మోసపోయినవారు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు 1915 నంబరుపై ఫోను చేయవచ్చును. జిల్లా వినియోగదారుల కమిషనులో ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన మూల్యము 5 లక్షల రూపాయలకు మించనిచో రుసుము లేదు. నొప్పి గలవారిని ఆరోగ్య ఉపకేంద్రమునకు పంపుట, పైన చెప్పిన అపాయ లక్షణములను గ్రామసభలో ఒకమారు చదివి వినిపించుట కూడ సభ్యులు సులభముగా చేయగల పనులు.

మొదట మంచము బిగించుట, తరువాత ఉన్న పరుపును ఏకించుట, పిమ్మట పరుండు తీరు మార్చుకొనుట, ఇవి చాలనపుడే క్రొత్త పరుపు కొనుట – ఈ క్రమమును పాటించినచో పెక్కు కుటుంబములకు అప్పు చేయవలసిన అవసరమే కలుగదు. కూలి డబ్బులతో జరుగు ఇంటికి నడుము ఎంత ముఖ్యమో, అప్పు లేకుండుటయు అంత ముఖ్యము. ఈ రెండింటిని కాపాడు సలహా తమ సభ్యుల నోట వినగలిగిన గ్రామము అదృష్టముగలది.