తమ్ముడి సంగతి అడిగే దేవుడు
పతనం, విమోచన: దళిత క్రైస్తవుల వైపు నుంచి ఒక పరిశీలన

క్రైస్తవ పల్లెల్లో పుట్టిన మాకు పతనం కథ అక్షరాలకంటే ముందే వచ్చింది. సండేస్కూల్లో పాస్టరమ్మగారు గోడకి పటం తగిలించి చెప్పేవారు. తోట, చెట్టు, పాము, పండు. ఆదాము హవ్వలు మాట మీరారు, అందుకే మనమంతా పాపులం, యేసు రక్తంతోనే రక్షణ. మేం తలలూపేవాళ్లం. అదే పూట మా నాయనలు ఆసామి దొడ్లో పేడ ఎత్తుతూ వుండేవాళ్లు. ఆదివారం కూడా సెలవు లేని జీతం అది. ఆ పేడతట్టకీ ఈ పండుకీ యేమిటి సంబంధం అని అడగాలని అప్పుడు తోచలేదు. యూనివర్సిటీకి వచ్చి అంబేద్కర్‌ని చదివాకే ఆ ప్రశ్న వేసుకున్నాం.

బాబాసాహెబ్ ఆక్షేపణ

క్రైస్తవంలోకి వెళ్లిన అంటరానివాళ్ల గురించి అంబేద్కర్ రాసింది మహారాష్ట్ర ప్రభుత్వం 1989లో వేసిన రచనల అయిదో సంపుటంలో వుంది. అందులో ఆయన పతన సిద్ధాంతాన్నే సూటిగా పట్టుకున్నాడు. ఆయన వాదం క్లుప్తంగా యిది. మనిషి దిగజారడానికి అతని చుట్టూ వున్న పరిస్థితులు కారణమని సమాజశాస్త్రం చెప్తుంది. అతని పాపమే కారణమని మిషనరీ చెప్తాడు. అంటరానివాడు కింద పడి వున్నది హిందూ సమాజ వ్యవస్థ వల్ల. ఆ సంగతి చెప్పకుండా, నీ పాపం వల్లే పడ్డావని నేర్పితే, వ్యవస్థని మార్చాలన్న పట్టుదల అతనిలో చచ్చిపోతుంది.

ఈ ఆక్షేపణని క్రైస్తవ విద్యార్థులు కొందరు మతం మీద దాడి అనుకుంటారు. మేం అలా అనుకోవడం లేదు. సంఘాలు దీనికి జవాబు చెప్పాల్సి వుంది. కరంచేడులో 1985 జూలై 17న ఆరుగురు మాదిగల్ని చంపినప్పుడు, చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల్ని చంపినప్పుడు, ఆ తర్వాతి ఆదివారం ప్రసంగంలో "మనమంతా పాపులమే" అని సరిపెట్టుకోవడం సాధ్యమా? చంపినవాడూ పాపే, చచ్చినవాడూ పాపే అంటే యిక న్యాయం అడిగేదెవరు?

కర్మ వేరు, పతనం వేరు

అయితే మా తాతలు ఈ బోధని యెందుకు విన్నారు? వాళ్లు తెలివితక్కువవాళ్లు కాదు. అంతకుముందు వాళ్లు విన్నది కర్మ సిద్ధాంతం. పోయిన జన్మలో చేసిన పాపానికి ఈ జన్మలో మాదిగగానో మాలగానో పుట్టావు అని అది చెప్పింది. అక్కడ పాపం కొందరిదే, అదీ పుట్టుకతో కొలిచేది. పతన కథలో మనుషులందరికీ ఒకే తల్లి, ఒకే తండ్రి. ముఖంలోంచి పుట్టినవాళ్లూ పాదాల్లోంచి పుట్టినవాళ్లూ లేరు. పడితే కరణం మునసబులు కూడా పడ్డట్టే. గూడెంలో కూచుని ఆ మాట వినడం చిన్న విషయం కాదు.

కాబట్టి ఒకే కథ రెండు పనులు చెయ్యగలదు. మనుషులంతా సమానం అని చెప్పగలదు. అణగారినవాడి మీదే నేరం మోపగలదు కూడా. యెటు పని చేస్తుందన్నది దాన్ని యెక్కడ ఆపేస్తామన్న దాన్ని బట్టి వుంటుంది.

కథని మధ్యలో ఆపేశారు

మాకు కథని ఆదికాండము మూడో అధ్యాయం దగ్గరే ఆపి చెప్పారు. నిజానికి ఆ అధ్యాయంలో పాపం అన్న మాటే లేదు. ఆజ్ఞ మీరడం వుంది, దాక్కోవడం వుంది, శిక్ష వుంది. పాపం అన్న పదం మొదటిసారి వచ్చేది నాలుగో అధ్యాయంలో, అన్న తమ్ముణ్ని చంపబోయే ముందు. ఆదాము చేసిన దానికి మానవజాతి మొత్తం పుట్టుకతోనే దోషి అన్న సిద్ధాంతానికి గట్టి రూపం యిచ్చింది పౌలు రోమా పత్రికని వ్యాఖ్యానించిన అగస్టీన్. ఆయన క్రీస్తు తర్వాత అయిదో శతాబ్దంలో, 430లో చనిపోయాడు.

రెండు అధ్యాయాల్లోనూ దేవుడు ప్రశ్న అడుగుతాడు. మొదట ఆదాముని, నువ్వెక్కడున్నావని. తర్వాత కయీనుని, తమ్ముడెక్కడని. కయీను తనకేం సంబంధం అన్నట్టు మాట్లాడతాడు. అప్పుడు నేలలోంచి హేబెలు రక్తం మొరపెట్టడం దేవుడు వింటాడు. మా సంఘాలు మొదటి ప్రశ్నని వందేళ్లకుపైగా అడిగాయి. రెండోదాన్ని వదిలేశాయి. చుండూరు దళితులు తమవాళ్లని పాతిపెట్టిన చోటుకి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. ఆ కేసులో 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు ముద్దాయిలందర్నీ వదిలేసింది. నేల మొర యింకా ఆగలేదు.

నాలుగో అధ్యాయం దాకా చదివితే పతనం అంటే అన్నదమ్ముల వరస తెగిపోవడం. మన దేశంలో ఆ తెగింపు పేరు కులం. కులంలో పడిపోయింది అంటరానివాడు కాదు, అంటరానివాడని అన్నవాడు. అంబేద్కర్ సమాజం అన్నదీ బైబిలు పాపం అన్నదీ యిక్కడ యెదురెదురుగా నిలబడవు.

విమోచన అంటే విడిపించడం

విమోచన అనగానే మనకి పరలోకం గుర్తొస్తుంది. కానీ హెబ్రీ భాషలో ఆ మాట పొలం నుంచీ అప్పు నుంచీ వచ్చింది. లేవీయకాండము 25వ అధ్యాయం చూడండి. పేదవాడు పొలం అమ్ముకుంటే దగ్గరి బంధువు దాన్ని విడిపించాలి. అప్పుకి తననే అమ్ముకుంటే బంధువు డబ్బు కట్టి అతణ్ని విడిపించవచ్చు. యాభయ్యో యేడు యెవరి భూమి వాళ్లకి తిరిగి చేరాలి. ఐగుప్తు వెట్టి నుంచి ప్రజల్ని విడిపిస్తానని దేవుడు మోషేతో చెప్పినప్పుడు వాడిన మాట అదే. అంటే దేవుడు దగ్గరి బంధువుగా వచ్చాడు. పాలేరు కుటుంబాల్లో పుట్టినవాళ్లకి దీని అర్థం యెవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

దళిత వేదాంతానికి దారి వేసిన అరవింద్ నిర్మల్ 1981 నుంచి యిదే దిశలో వాదించాడు. వెట్టి చేసిన పూర్వీకుల్ని తలుచుకునే ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయాన్ని దళితుల విశ్వాస ప్రమాణంగా చదవమన్నాడు. మనం మనుషుల లెక్కలోనే లేనివాళ్లం, యిప్పుడు ప్రజలమయ్యాం అన్న గ్రహింపు దాని సారం.

మన తాతలు ఈ సంగతి పుస్తకం చదవకుండానే పట్టుకున్నారు. ఒంగోలు ప్రాంతంలో సువార్తని గూడెం నుంచి గూడేనికి మోసింది దొరలకంటే ముందు యర్రగుంట్ల పేరయ్య లాంటి మాదిగలు. ధాత కరువు తర్వాత 1878 జూలై 3న వెలుంపిల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అన్నం కోసం వెళ్లారని యిప్పటికీ యెగతాళి చేస్తారు. కరువులో బకింగ్‌హాం కాలువ పని యిప్పించిన క్లౌ దొర ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడన్న సంగతి మాత్రం చెప్పరు. చేరినవాళ్లు పెట్టుకున్న కట్టుబాట్లు మూడు. విగ్రహాలకి మొక్కం, చచ్చిన గొడ్డు మాంసం తినం, ఆదివారం పని చెయ్యం. మూడోది ఆసాములకి మంటెత్తించింది. వాళ్లకి విమోచన అంటే వారానికొక రోజు తమ ఒళ్లు తమది కావడం. రెండు మూడు తరాల తర్వాత మా నాయనలు ఆదివారం పేడ ఎత్తారంటే ఆ విమోచన చేజారిందన్నమాట.

యెవరు మారాలి?

మారుమనస్సు పొందాల్సింది పీడితుడే అన్నట్టు ప్రసంగాలు సాగుతాయి. లూకా సువార్తలో జక్కయ్య కథ వేరుగా వుంది. అతను పన్ను వసూలుదారు, డబ్బున్నవాడు. ఆస్తిలో సగం పేదలకిస్తాననీ, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తాననీ అన్నాకే యేసు ఆ యింటికి రక్షణ వచ్చిందన్నాడు. తిరిగి యివ్వకుండా క్షమాపణ లేదు. సంఘం లోపల కూడా అంతే. అంతియొకయలో అన్యజనులతో కలిసి తింటున్న పేతురు, యెరూషలేము నుంచి తనవాళ్లు రాగానే పక్కకి తప్పుకుంటే పౌలు అందరిముందూ నిలదీశాడు. ఒకే బల్ల దగ్గర రొట్టె తీసుకుని పెళ్లి సంబంధం దగ్గర కులం అడిగే మనవాళ్లని యెవరు నిలదీస్తున్నారు? మాలలూ మాదిగలూ వేరువేరు గుళ్లు కట్టుకుంటే కయీను అగ్రకులాల్లోనే వున్నాడని చెప్పలేం.

రాజ్యం చేసిన అన్యాయమూ వుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా షెడ్యూల్డు కుల హోదాని హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కుల్నీ, 1990లో బౌద్ధుల్నీ చేర్చింది. క్రైస్తవ, ముస్లిం దళితుల్ని చేర్చలేదు. వాళ్లనీ చేర్చమని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ సిఫార్సు చేసినా ఫలితం లేదు. తెలుగు రాష్ట్రాల్లో మనకి మిగిలింది బీసీ-సిలో ఒక్క శాతం. బాప్తిస్మం తీసుకుంటే కులం పోతుందని చట్టం నమ్మింది, వూరు నమ్మలేదు. సర్టిఫికెట్టు కోసం పేరొకటి, గుళ్లో పేరొకటి పెట్టుకుని బతికే పిల్లల సిగ్గుకి యిదే మూలం. ఆ సిగ్గుని పాపం అని వాళ్ల నెత్తిన పెట్టకండి.

సండేస్కూలు టీచర్లకి మా విన్నపం ఒక్కటే. పటం తగిలించినప్పుడు తోట దగ్గరే ఆపకండి. పొలం దాకా తీసుకెళ్లండి. అక్కడ తమ్ముడు పడి వున్నాడు. దేవుడు అతని సంగతే అడుగుతున్నాడు.