చినార్ చెట్ల కింద వెయ్యి ఫొటోలు, ఏరితే పన్నెండు

సెప్టెంబరు 30 నాటి అర్ధ సంవత్సరపు క్లోజింగ్ ముగిశాక మన ఉద్యోగాల్లో కాస్త ఊపిరాడే రోజులు అక్టోబరు చివర, నవంబరు మొదట్లో వస్తాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే శ్రీనగర్‌లో చినార్ చెట్లు ఎర్రబడతాయి. ఎల్‌టీసీకి ఇంతకంటే మంచి ముహూర్తం లేదని నా నమ్మకం. కిందటి బ్లాకులో నేనూ, మా ఆవిడా, అమ్మాయీ వెళ్లి ఆరు రోజులుండి వచ్చాం. మోకాళ్ల నొప్పులతో రాలేకపోయిన మా అమ్మకు "అన్నీ ఫొటోలు తీసుకొచ్చి చూపిస్తాను" అని మాటిచ్చి మరీ బయలుదేరాను.

తిరిగి వచ్చాక ఓ ఆదివారం టీవీకి పెన్‌డ్రైవ్ తగిలించి కూర్చోబెట్టాను. మొత్తం 1,040 ఫొటోలు. నలభయ్యో యాభయ్యో దాటేసరికి అమ్మ "ఒరే, ఇవన్నీ ఒకే చెట్టువా?" అంది. మరి కాసేపటికి కునుకు తీసింది. ఆవిడ తప్పేం లేదు. కళ్లారా చూసినప్పుడు నిప్పులా మండిన చెట్టు తెర మీద ఆరెంజి రంగు ముద్దలా ఉంది. పైగా అలాంటి ముద్దలు వెయ్యి. తీయడంలో కొన్ని తప్పులు చేశాను, ఏరకుండా చూపించడంలో అంతకంటే పెద్ద తప్పు చేశాను. ఈసారి మీలో ఎవరైనా ఆ దారిన వెళ్తుంటే ఈ రెండూ పనికొస్తాయని రాస్తున్నాను.

ముందు కాలం సంగతి. మన పంచాంగం ప్రకారం ఆకురాలేది శిశిరంలో, మాఘ ఫాల్గుణాల్లో. కాశ్మీరులో మాత్రం కార్తికానికే చినార్ ఆకు రాలడం మొదలవుతుంది. ఆ కాలాన్ని అక్కడివాళ్లు 'హరుద్' అంటారు. పగలు ఎండ తగ్గి, రాత్రి చలి పెరిగేసరికి ఆకులో పచ్చదనాన్నిచ్చే పత్రహరితం విరిగిపోతుంది. దాని వెనుక అప్పటిదాకా కనపడకుండా ఉన్న పసుపు రంగు బయటపడుతుంది. ఎరుపు సంగతి వేరు. అది దాగి ఉన్న రంగు కాదు, ఆకులో మిగిలిన చక్కెర నుంచి అప్పటికప్పుడు తయారయ్యేది. పగలు మంచి ఎండ, రాత్రి మంచి చలి ఉంటే ఎరుపు బాగా ఎక్కుతుంది. వరసగా మబ్బు పట్టినా వాన పడినా పసుపుతోనే సరిపెట్టుకోవాలి. అందుకే ఒకే చెట్టు మీద ఎండ తగిలే కొమ్మ ఎర్రగా, నీడన ఉన్న కొమ్మ ఇంకా పసుపుగా కనిపిస్తుంది. నేను చెట్టునంతా ఫ్రేములో ఇరికించాలని తాపత్రయపడ్డాను గానీ, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు కలిసే ఆ ఒక్క కొమ్మ దగ్గర నిలబడి ఉంటే ఎంత బాగుండేదో!

ఇక వెలుగు. శ్రీనగర్‌లో దాల్ సరస్సుకు తూర్పున జబర్వాన్ కొండలున్నాయి. నిషాత్ బాగ్, షాలిమార్ బాగ్ ఆ కొండల వైపున ఉన్నాయి. నిషాత్ బాగ్‌ను నూర్జహాన్ అన్న ఆసఫ్ ఖాన్, షాలిమార్‌ను జహంగీరు వేయించారు. మేం మొదటిరోజే పొద్దున్న ఏడింటికల్లా నిషాత్‌కు చేరాం. కొండ నీడ తోట మీద నుంచి తొలగనే లేదు. ఎర్రటి ఆకులు బూడిద పూసినట్టున్నాయి. ఆ తోటకు మధ్యాహ్నం మూడు దాటాక వెళ్లాలి. అప్పుడు సూర్యుడు సరస్సు వైపుకు వాలి, వెలుగు నేరుగా తోట మెట్ల మీదికి వస్తుంది. నవంబరు మొదట్లో అక్కడ ఐదున్నర దాటగానే పొద్దు గూకుతుంది కాబట్టి ఉన్నవి రెండు గంటలే. టీ తర్వాత తాగొచ్చు.

పొద్దుటి పూటకు నసీం బాగ్ సరైన చోటు. మొగలుల కాలంలో వేసిన ఈ చినార్ తోట సరస్సుకు పడమటి ఒడ్డున, హజ్రత్‌బల్‌కు దగ్గరలో, ఇప్పుడు కాశ్మీరు విశ్వవిద్యాలయం ప్రాంగణంలో ఉంది. గేటు దగ్గర అడిగి లోపలికి వెళ్లడం మర్యాద. సూర్యుడు కొండ దాటి పైకొచ్చేసరికి మొద్దుల మధ్యనుంచి ఏటవాలుగా వెలుగు పడుతుంది. అక్కడ సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకోకండి, ఎదురుగా పెట్టుకోండి. ఆకు పలచన కదా, వెనకనుంచి వెలుగు పడితే దీపం పెట్టిన కాగితపు లాంతరులా వెలుగుతుంది, ఈనెలు కూడా కనిపిస్తాయి. లెన్సు మీద నేరుగా ఎండ పడకుండా చేత్తో నీడ పడితే చాలు, లేదంటే చెట్టు మొదలుకే సూర్యుణ్ణి చాటు చేయండి.

మబ్బు పట్టిన రోజు గదిలో కూర్చోవద్దు. ఆ రోజు వెలుగు సమంగా పరుచుకుని, చెట్ల కింద రాలిన ఆకుల రంగు చిక్కగా కనిపిస్తుంది. ఒక్కటే షరతు, ఫ్రేములోకి ఆకాశం రానివ్వకండి. తెల్లటి ఆకాశం ముక్క ఓ మూల కనిపించినా కన్ను ముందు అక్కడికే పోతుంది.

నా ఫొటోల్లో రంగు ముద్దయిపోవడానికి కారణం తర్వాత తెలిసింది. కెమెరా ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటినీ వేర్వేరుగా కొలుస్తుంది. ఎర్రటి చెట్టు ఎదురుగా ఉంటే మొత్తం వెలుగు సరిపోయినట్టే కనిపించినా ఎరుపు కొలత మాత్రం నిండి పొర్లిపోతుంది. పొర్లినచోట ఈనెలుండవు, మడతలుండవు, ప్లాస్టిక్ ఆకులా తయారవుతుంది. తర్వాత కంప్యూటర్‌లో ఏం చేసినా అది తిరిగి రాదు. మందు తేలిక. వెలుగు కాస్త తగ్గించి తీయాలి. ఫోనులో అయితే ఎర్రటి ఆకు మీద వేలు కాసేపు నొక్కి పట్టుకోండి. ఫోకస్ అక్కడ నిలిచిపోతుంది, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కిందికి లాగండి. కెమెరాలో అయితే ఎక్స్‌పోజరును మైనస్ 0.7 దగ్గర పెట్టండి. తెర మీద కొంచెం చీకటిగా అనిపించినా పర్వాలేదు, చీకటిని తర్వాత పెంచుకోవచ్చు.

రెండో తప్పు వైట్ బ్యాలన్సును ఆటోలో వదిలేయడం. ఫ్రేమంతా నారింజ రంగుంటే కెమెరా దాన్ని వెలుగులోని దోషంగా భావించి నీలం కలుపుతుంది. మనం డబ్బు పెట్టి చూడ్డానికి వెళ్లిన రంగును అది సర్దేస్తుందన్నమాట. డేలైట్‌లో గానీ, మబ్బు రోజైతే క్లౌడీలో గానీ పెట్టండి. వాన పడ్డాక ఆకుల మీద తెల్లటి మెరుపు రంగును కప్పేస్తే పోలరైజర్ ఫిల్టరు దాన్ని తీసేస్తుంది. ఫిల్టరు లేకపోతే పోలరాయిడ్ చలువ కళ్లద్దాన్ని ఫోను లెన్సు ముందు పెట్టి నెమ్మదిగా తిప్పి చూడండి. మా అమ్మాయి చూపించేదాకా నేనూ నమ్మలేదు. ఇంటికొచ్చాక రంగు పెంచే శాచురేషన్ జోలికి మాత్రం పోవద్దు. ఎరుపుకు ఇంకా ఎరుపు పులిమితే పెళ్లి షామియానా అవుతుంది.

ఇంకో మాట. అక్కడ దారి పొడుగునా భద్రతా సిబ్బంది ఉంటారు. వాళ్ల వైపు, బంకర్ల వైపు కెమెరా తిప్పవద్దు. మనుషుల్ని, ముఖ్యంగా ఆడవాళ్లను అడగకుండా తీయవద్దు. అడిగితే చాలామంది నవ్వుతూ ఒప్పుకున్నారు, ఒకరిద్దరు వద్దన్నారు.

ఇక ఏరడం. అసలు కష్టం ఇక్కడే ఉంది. మన దగ్గర మేకర్, చెకర్ అని ఉన్నారు కదా. ఎంట్రీ వేసినవాడే దాన్ని పాస్ చేయకూడదు. ఎందుకంటే తన తప్పు తనకు కనపడదు. ఫొటోలకూ అదే రూలు. మేకర్‌కు ఆ ఫొటోతోపాటు చలిలో పొద్దున్నే లేవడం, షికారా వాడితో బేరం, ఆ రోజు తాగిన కహ్వా రుచి అన్నీ గుర్తొస్తాయి. చూసేవాళ్లకు అవేవీ కనిపించవు. తెర మీద ఉన్నదే కనిపిస్తుంది.

అమ్మ కునుకు తీసిన తర్వాతి వారం మా అమ్మాయిని చెకర్‌గా కూర్చోబెట్టుకున్నాను. ముందు వణికినవీ ఫోకస్ లేనివీ పక్కనపెట్టాం. ఒకే దృశ్యానివి గుంపులుగా చేశాం. ఒక్క వంగిన చెట్టువే 31 ఉన్నాయి! గుంపులో రెండేసి పక్కపక్కన పెట్టి ఒకటి ఉంచి ఒకటి తీసేస్తూ పోతే చివరికి గుంపుకు ఒకటి మిగిలింది. 1,040 కాస్తా 90 అయ్యాయి. ఇక్కడిదాకా నాకు నొప్పి తెలియలేదు.

ఆపైన కష్టమైంది. ప్రతి ఫొటో దగ్గరా అమ్మాయి ఒకటే ప్రశ్న వేసింది, "నాన్నా, ఇందులో నేను ఏం చూడాలి?" అని. ఒక్క మాటలో చెప్పలేనిది పోయింది. "ఇది చాలా చలిగా ఉన్నప్పుడు తీశానమ్మా" అంటే ఒప్పుకోలేదు. కొన్నింటిని నలుపు తెలుపులోకి మార్చి చూశాం. రంగు పోగానే కొన్ని ఉత్త బూడిద అయిపోయాయి. కొన్నింటిలో మాత్రం మొద్దు వంపు, దారి మలుపు, నీడల గీతలు అలాగే నిలిచాయి. ఆ నిలిచినవే మళ్లీ రంగులో చూస్తే బాగున్నాయి. ఫొటోల్ని తపాలా బిళ్లంత చేసి దూరంనుంచి కూడా చూశాం. ఆ సైజులోనూ ఏముందో తెలిసిందీ అంటే కూర్పు కుదిరినట్టే. నాలుగు అంచులూ తడిమితే ఒకదాంట్లో చెత్తబుట్ట, ఒకదాంట్లో ఎవరిదో సగం మోచేయి బయటపడ్డాయి. అంచు కత్తిరిస్తే పోయేదాన్ని కత్తిరించాం.

నేను ముందే వణికిందని పక్కనపెట్టిన ఓ ఫొటోను అమ్మాయి వెనక్కి తెచ్చింది. నసీం బాగ్‌లో ఒక పెద్దావిడ రాలిన ఆకుల్ని గోనెలోకి ఎత్తుతోంది. అనుమతి అడిగే తీశాను గానీ చేతులు కదిలి మసకబారాయి. ఆకులు జారిపోతున్న ఆ గోనె మాత్రం స్పష్టంగా ఉంది. ఆ ఆకుల్ని కాల్చి నీళ్లు చల్లి బొగ్గు చేసుకుంటారు. చలికాలమంతా అంగీ లోపల పెట్టుకునే కాంగ్రీ కుంపటిలో వేసుకోవడానికి. కాబట్టి తీసేసిన ఫొటోల్ని ఓ నెలపాటైనా డిలీట్ చేయవద్దు. చెకర్‌కు మళ్లీ చూసే వీలుండాలి.

మొత్తానికి పన్నెండు మిగిలాయి. ప్రింట్లు తీయించి అమ్మ చేతికిచ్చాను. టీవీలో అరగంట కూర్చోలేని మనిషి ఒక్కోదాన్నీ కళ్లజోడు సర్దుకుంటూ చూసింది. గోనె ఫొటో దగ్గర ఆగి, "ఈ ఆకులు ఏం చేసుకుంటార్రా?" అంది. కాంగ్రీ సంగతి చెప్పాను. చిన్నప్పుడు వాళ్లింట్లో కుంపటికి బొగ్గు ఎలా చేసేవాళ్లో ఆవిడ చెప్పింది. ఆ కథ నేనెప్పుడూ వినలేదు.

సాధనకు కాశ్మీరు దాకా పోనక్కర్లేదు. మన నల్లమల, ఆదిలాబాదు అడవుల్లో మోదుగ పూలూ, ఎర్రటి కొత్త చిగుళ్లూ కనువిందు చేసేది మార్చి ప్రాంతంలో. ఆ నెలలో మనకు సెలవు అడిగే ధైర్యం ఎటూ ఉండదు. కానీ నాటు బాదం చెట్టు ఊరూరా ఉంది. రాలేముందు దాని ఆకు కూడా చినార్‌లాగే పసుపై, ఎర్రబడుతుంది. మా బ్రాంచి ప్రహరీ పక్కన ఒకటుంది. సాయంత్రం నాలుగున్నరకు దాని పడమటి కొమ్మల మీద ఏటవాలు ఎండ పడుతుంది. క్యాష్ టాలీ అయ్యాక పది నిమిషాలు చాలు.