మెడల్ ఎవరు అడుగుతారు, ఎవరిస్తారు?

చాండ్లర్ నుంచి మాట్లాడుతున్నాను. ఏటా నవంబరు 11న వెటరన్స్ డే వచ్చినప్పుడు మన పిల్లలు అడిగే ప్రశ్న ఒకటుంది. "సోల్జర్లకి మెడల్స్ ఎవరిస్తారు నాన్నా? వాళ్లే అప్లై చేసుకుంటారా?" ఇవాళ ఆ సంగతి చెప్పుకుందాం.

ముందు మనవైపు కథ. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో 20 మంది భారత సైనికులు అమరులయ్యారు. వారిలో 16 బీహార్ కమాండింగ్ ఆఫీసర్ కల్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు ఒకరు. సూర్యాపేటవాడు, కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివినవాడు. 2021 రిపబ్లిక్ డే సందర్భంగా ఆయనకి మహావీర చక్ర ప్రకటించారు. ఆ నవంబరులో ఆయన తల్లీ, భార్యా రాష్ట్రపతి చేతుల మీదుగా అందుకున్నారు. పరమవీర చక్ర వస్తుందనుకున్నాం, పూర్తి తృప్తి లేదు అని తండ్రిగారు అప్పట్లో విలేకరులతో అన్నారు. కొడుకుని పోగొట్టుకున్న తండ్రి మాట అది. మరి ఏ చక్ర ఇవ్వాలో తేల్చేది ఎవరు?

ఇండియాలో సైనికుడు గానీ, కుటుంబం గానీ దరఖాస్తు పెట్టుకునే పద్ధతి లేదు. ప్రతిపాదన యూనిట్లోనే పుడుతుంది. పక్కనున్నవాళ్లు చూసింది చెబితే, కమాండింగ్ ఆఫీసర్ దాన్ని 'సైటేషన్'గా రాసి పైకి పంపుతారు. అది ఒక్కో మెట్టూ ఎక్కి సైనిక ప్రధాన కార్యాలయానికి, అక్కణ్ణుంచి రక్షణ శాఖకి చేరుతుంది. ఏ మెట్టు దగ్గరైనా స్థాయి తగ్గించవచ్చు, పెంచవచ్చు, అసలు వద్దనవచ్చు. చివరి ఆమోదం రాష్ట్రపతిది. ప్రకటన ఏడాదికి రెండుసార్లు, జనవరి 26కీ, ఆగస్టు 15కీ. శత్రువుకి ఎదురుగా చూపిన సాహసానికి పరమవీర, మహావీర, వీర చక్రలు. ఇతర సందర్భాల్లో చూపిన సాహసానికి అశోక, కీర్తి, శౌర్య చక్రలు.

ఇక్కడ అమెరికా పద్ధతి కాస్త వేరు. ఆర్మీలో డీఏ ఫారం 638 అని ఒకటుంది. ఎవరికి వాళ్లు సిఫారసు చేసుకోకూడదన్నది ఇక్కడా నియమమే. కానీ పై అధికారే రాయాలని లేదు. ఆ సంఘటన స్వయంగా తెలిసిన తోటి సైనికుడు కూడా మొదలుపెట్టవచ్చు. పెద్ద పతకమైతే కళ్లారా చూసినవాళ్ల వాంగ్మూలాలు, మ్యాపులు అన్నీ జతచేయాలి. గడువులూ ఉన్నాయి. గడువు దాటిపోతే కుటుంబం తమ కాంగ్రెస్ సభ్యుణ్ణి ఆశ్రయించవచ్చు. ఆ సభ్యుడు అడిగితే సైన్యం ఫైలు మళ్లీ తెరిచి పరిశీలించాలి. ఇది చట్టంలో ఉన్న దారి.

ఈ దారులు ఎంత ముఖ్యమో చెప్పడానికి రెండు ఉదాహరణలు. మెక్సికోలో పుట్టి మన పక్కనున్న ఫీనిక్స్‌లో స్థిరపడిన సిల్వెస్త్రే హెరేరా, 1945 మార్చిలో ఫ్రాన్స్‌లో మందుపాతరల మీద రెండు పాదాలూ పోగొట్టుకుని కూడా కాల్పులు ఆపలేదు. ఆగస్టులోనే అధ్యక్షుడు ట్రూమన్ ఆయనకి మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చారు. అదే ఏడాది ఏప్రిల్లో ఇటలీలో జపనీస్ సంతతి లెఫ్టినెంట్ డేనియల్ ఇనౌయే చెయ్యి పోగొట్టుకుంటూ పోరాడారు. ఆయనకి ఇచ్చింది ఒక మెట్టు తక్కువ పతకం. 1996లో కాంగ్రెస్ ఆసియా సంతతి సైనికుల పాత ఫైళ్లు మళ్లీ చూడమని ఆదేశించాక, 2000 జూన్‌లో 22 మందికి మెడల్ ఆఫ్ ఆనర్ వచ్చింది. వారిలో ఇనౌయే ఒకరు. ఒకరికి అయిదు నెలలు, మరొకరికి యాభై అయిదేళ్లు! ఆ 22 మందిలో చాలామంది అప్పటికే కన్నుమూశారు.

అంటే సాహసం ఒక్కటే చాలదన్నమాట. దాన్ని చూసినవాడు బతికి ఉండాలి, ఓపిగ్గా రాయాలి, చదివినవాడు పక్షపాతం లేకుండా చదవాలి. మన పిల్లలు కూడా ఇక్కడి సైన్యంలో చేరుతున్నారు. చేరినవాళ్లకి చెప్పండి. పక్కవాడు చేసిన మంచిపని కళ్లతో చూస్తే, ఆ రోజే తేదీ, చోటు, పేర్లు రాసి పెట్టుకోమనండి. తన గురించి తను రాసుకోకూడదు కనుక, వాడి గురించి రాయాల్సింది పక్కవాడే.